ఢిల్లీ సరిగా చదవని సానే గురూజీ

2025 సెప్టెంబరు 23న ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రదానమైనప్పుడు, ఉత్తమ మరాఠీ చిత్రంగా ‘శ్యామ్‌చీ ఆయీ’ పేరు వినవచ్చింది. ఇదే కథను ఆచార్య అత్రే తెరకెక్కించగా, 1954లో, ఆ పురస్కారాలు ఆరంభమైననాడే, స్వర్ణపతకం లభించింది. మూలరచయిత సానే గురూజీని రాజధాని ఏపాటి చదివిందన్నది నాకు సందేహమే.

పాండురంగ సదాశివ సానే 1899 డిసెంబరు 24న రత్నగిరి జిల్లా పాల్‌గడ్‌లో జన్మించారు. 1924 నుంచి ఆరేండ్లు అమల్నేర్‌లో బడిపంతులుగా ఉండి, ‘విద్యార్థి’ అనే పత్రికను నడిపారు. గోఖలేతోపాటు బెంగాలుకు చెందిన విద్యాసాగరుని, దేశబంధు దాస్‌ను కూడా మరాఠీ బాలురకు పరిచయం చేశారు. ఊరూరా తిరిగి పాత కాగితాలు పోగుచేసిన చరిత్రకారుడు రాజవాడే జీవితాన్నీ వ్రాశారు.

1930లో ఉద్యోగం వదలి ఉప్పు సత్యాగ్రహంలో చేరారు. అటుపై జైళ్ళే ఆయనకు వ్రాతగదులు. 1932లో ధూళే జైలులో వినోబా గీతా ప్రవచనాలను అక్షరబద్ధం చేసింది ఆయనే. ‘శ్యామ్‌చీ ఆయీ’ 1933 ఫిబ్రవరిలో నాసిక్ జైలులో అయిదు రోజులలో పూర్తయింది. తిరుచిరాపల్లి జైలులో తమిళం నేర్చుకొన్నారు. తరువాత తిరుక్కురళ్‌ను మరాఠీలోకి తెచ్చారు. పొరుగువాని భాష రాకుండా దేశభక్తి ఏమిటన్న బాధలోనుంచే ‘ఆంతర్ భారతి’ ఊహ పుట్టింది. భాషా వివాదం తలెత్తినప్పుడల్లా ఢిల్లీలో సంఘాలు వేస్తారు గాని, ఈ పంతులు చేసిన పని చేసేవారు అరుదు.

కన్నీటి రచయిత అని కొందరు విమర్శకులు ఆయనను తేలిక చేశారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే పండరిపురం సంగతి ఎరిగినవారు ఆ మనిషిని మెత్తనివాడనలేరు. విఠోబా గుడిలోకి హరిజనులను రానివ్వాలని నెలల తరబడి మహారాష్ట్ర అంతటా తిరిగి, 1947 మే 1న నిరాహారదీక్షకు కూర్చున్నారు. దీక్ష మానమని గాంధీజీయే కబురు పంపినా లొంగలేదు. కేంద్ర శాసనసభాధ్యక్షుడు మావలంకర్ వెళ్ళి, పూజారులతో మాట్లాడి ఒప్పించవలసి వచ్చింది. దాదాపు పది రోజుల దీక్ష ఫలించి ఆలయద్వారం తెరచుకొన్నది.

1948 ఆగస్టు 15న ‘సాధన’ వారపత్రికను స్థాపించారు. స్వతంత్ర దేశంపై పెట్టుకొన్న ఆశలు సడలిపోగా, 1950 జూన్ 11న, యాభయ్యేళ్ళ వయసులో, తన ప్రాణాన్ని తానే తీసుకొన్నారు. ‘సాధన’ నేటికీ పుణె నుంచి వెలువడుతున్నది.