భాస్వరాన్ని కొలిచిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని చదువుకున్న తెలుగువారు తక్కువ. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, ఆరియోమైసిన్ అనంగానే వారి పేరు వస్తుంది. అయితే వారు ముప్పై ఏండ్ల వయసులో చేసిన ఒక పని గురించి మనం అంతగా చెప్పుకోము. అది భాస్వరాన్ని కొలిచే పద్ధతి. మందుల సంగతి అందరూ వ్రాసినారు గనుక మేము దీని గురించే వ్రాయదలచినాము.

వారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. మెట్రిక్ మూడవసారి గాని గట్టెక్కలేదు. పరీక్ష పోయిందని ఇంట్లో మూల కూర్చున్న పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలె. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయినారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో అమెరికా వెళ్ళినారు. ధర్మసంస్థ ఇచ్చే వజీఫా ఎంత దూరం పోతుందో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. బోస్టనులో ఆసుపత్రి రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకుంటూ హార్వర్డులో చదివినారు.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ఉస్తాద్ వద్ద పని దొరికింది. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకునేందుకు 1920లో బెల్, డోయిసీ అనే ఇద్దరు ఒక రంగు పద్ధతి చూపినారు గాని, ఆ రంగు నిలిచేది కాదు. ఫిస్కే, సుబ్బారావు దాన్ని చక్కబరచి 1925లో ప్రచురించినారు. పని ఇట్లా జరుగుతుంది. పాలు విరిగినట్లు రక్తంలోని మాంసకృత్తులను ఒక ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టాలె. వడిసిన నీటికి గంధక తేజాబు, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆ మీద ఒక క్షయకరణ పదార్థం చేర్చితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. లెక్క తెలిసిన ద్రావణం పక్కన పెట్టి రంగులు పోల్చితే అంకె తేలిపోతుంది. రంగుతో గుర్తు పట్టడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని ప్రతి వంటింట్లో తెలుసు. పూర్వం రసాయన శాస్త్రజ్ఞులు కూడ పసుపు కాగితంతోనే క్షారాన్ని గుర్తించేవారు. అయితే గుర్తు పట్టడం వేరు, కొలవడం వేరు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. కండరాల రసాన్ని ఇదే పద్ధతిలో పరీక్షిస్తే నీలిరంగు ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. మరొకరైతే మందు చెడిపోయిందని పారబోసి ఉండేవారు. వీరు వదలలేదు. కండరంలో భాస్వరం క్రియాటిన్‌తో ముడిపడి ఉన్నదని, తేజాబులో ఆ ముడి నెమ్మదిగా విడిపోతున్నదని తేల్చి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించినారు. 1929లో ఎ.టి.పి. కూడ పట్టుబడింది. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ వేరుగా కనుగొన్నాడు. మనం చెయ్యి ఎత్తినా అడుగు వేసినా ఖర్చయ్యే శక్తి ఈ పదార్థానిదే.

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన కొలువు దొరకలేదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది, పదేండ్లు గడిచినవి, చివరికి 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయినారు. భార్యను మళ్ళీ చూడలేదు. పసితనంలోనే పోయిన కొడుకును అసలే చూడలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. వయసు 53.

వారి పద్ధతి మాత్రం ఆగలేదు. మూత్రపిండాల జబ్బుకు, ఎముకల జబ్బుకు రక్త భాస్వరం చూసే ఆసుపత్రులలో దశాబ్దాల తరబడి అదే నడిచింది. ఇప్పటి యంత్రాలలో చాలా వరకు నీలిరంగు దాకా పోకుండానే, మాలిబ్డేట్ కలిపిన దశలోనే కంటికి కనబడని కిరణంతో చదివేస్తున్నారు. మొదటి మెట్టు మారలేదు. మన ఆర్మూరు రైతు పసుపు చేను మట్టిని పరీక్షకు పంపితే అక్కడా మాలిబ్డేటే, అక్కడా నీలమే; క్షయకరణానికి విటమిన్ సి గాని, తగరపు లవణం గాని వాడుతారు. డి.ఎ.పి. బస్తా మీద 18 పక్కన అచ్చయ్యే 46 భాస్వరపు అంకె. అది చేనుకు ఎంత కావాలో, అసలు కావాలో వద్దో, ఆ నీలం చూసే చెప్పుతారు.