నీడకు ప్రాణం పోసిన మాక్స్ ఫ్లైషర్

పాలకూర తిని బలం పుంజుకొనే పొపాయ్ ధర్మపురి పిల్లలకూ టీవీ ద్వారా పరిచయమైనవాడే. పత్రికలో పుట్టిన ఆ నావికుణ్ణి 1933లో వెండితెరపై నడిపించిన మాక్స్ ఫ్లైషర్ పేరు మాత్రం మనలో కొందరికే తెలుసు.

ఫ్లైషర్ 1883 జూలై 19న, నాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉన్న క్రాకో నగరంలో, ఒక యూదు దర్జీ ఇంట జన్మించారు. బాల్యంలోనే కుటుంబంతో న్యూయార్కు చేరారు. పత్రికా కార్యాలయంలో చిన్న ఉద్యోగిగా చేరి చిత్రకారులయ్యారు. అనంతరం ‘పాపులర్ సైన్స్’ మాసపత్రికకు కళాసంపాదకులుగా పనిచేశారు. కుంచెతో పాటు యంత్రమూ ఆయనకు ప్రీతిపాత్రమే.

ఆ రోజుల్లో కార్టూన్ బొమ్మలు కుదుపులతో కదిలేవి. మనిషి నడకలోని సహజత్వం వాటికి ఎలా అబ్బుతుందని ఫ్లైషర్ యోచించారు. తమ్ముడు డేవ్‌కు విదూషకుని దుస్తులు తొడిగి, అతని చేష్టలను కెమెరాతో చిత్రించారు. ఆ ఫిల్మును ఒక్కొక్క చట్రంగా గాజుపలకపై అడుగునుండి ప్రసరింపజేసి, పైన కాగితం పరచి ఆకారాన్ని గీశారు. తోలుబొమ్మలాటలో నీడను చేయి ఆడిస్తుంది. ఇక్కడ నీడే చేతికి దారి చూపింది. తొలి ప్రయోగానికి దాదాపు ఏడాది పట్టింది. ఈ ‘రోటోస్కోప్’ యంత్రానికి 1915లో దరఖాస్తు చేయగా 1917లో పేటెంటు లభించింది. అలా పుట్టిన విదూషకుడే కోకో.

1921లో అన్నదమ్ములు సొంత స్టూడియో స్థాపించారు. బెట్టీ బూప్, పొపాయ్ దేశదేశాల ఆదరణ పొందారు. 1939లో వెలువడిన ‘గలివర్స్ ట్రావెల్స్’లో గలివర్‌ను రోటోస్కోప్ పద్ధతిలోనే చిత్రించారు. లిల్లీపుట్టు మరుగుజ్జుల నడుమ అతడు నిజమైన మనిషిగా కనిపించడానికి కారణమదే.

అయితే విజయం నిలువలేదు. అప్పులు పెరిగాయి, అన్నదమ్ముల నడుమ మాటలు కరువయ్యాయి. 1942 నాటికి స్టూడియో పారామౌంట్ సంస్థ వశమైంది. ఏ తమ్ముని కదలికలు తన కళకు తొలి ప్రాణమయ్యాయో, ఆ తమ్మునితోనే ఆయనకు ఎడబాటు కలగడం విధి వైపరీత్యం. 1972 సెప్టెంబరులో ఫ్లైషర్ కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

ఆయన గాజుపలక స్థానంలో నేడు కంప్యూటరు వచ్చింది. చెన్నై, హైదరాబాదు గ్రాఫిక్స్ సంస్థల్లో నటుని ఆకారాన్ని నేపథ్యం నుండి వేరుచేసే పనిని ఇప్పటికీ ‘రోటో’ అనే పిలుస్తారు. స్టూడియో చేజారినా, ఆయన పెట్టిన పేరు ఆ వృత్తిలో నిలిచే ఉంది.