రిచర్డ్ కారింగ్టన్

మన పెద్దలు సూర్యుని ప్రత్యక్ష దైవమని కొలిచిరి. లోకమునకు వెలుగును వేడిమిని ఒసగు ఆ సూర్యునిపై అప్పుడప్పుడు గొప్ప విస్ఫోటనములు పుట్టుచుండును. వాని ధాటి కోట్ల మైళ్ల దూరమున నున్న భూమికిని తగులును. అట్టి విస్ఫోటనమును మొట్టమొదట చూచినవారిలో ఒకడై, చూచినదానిని చూచినట్లే లోకమునకు తెలిపినవాడు రిచర్డ్ కారింగ్టన్ అను ఆంగ్లేయుడు.

కారింగ్టన్ 1826వ సంవత్సరము మే 26వ తేదీన లండన్ నగరములోని చెల్సీయందు జన్మించెను. తండ్రికి బ్రెంట్‌ఫర్డ్ అను ఊరిలో బీరు తయారుచేయు కర్మాగారము కలదు. కుమారుని మతాచార్యునిగా చేయ తలచి ఆయన కారింగ్టన్‌ను కేంబ్రిడ్జిలో చదివించెను. అచట చాలిస్ అను ఆచార్యుని ఉపన్యాసములు వినిన పిమ్మట కారింగ్టన్ మనస్సు ఖగోళశాస్త్రము వైపు మరలెను. తండ్రి అడ్డు చెప్పలేదు. 1849లో కారింగ్టన్ డర్హమ్ విశ్వవిద్యాలయపు వేధశాలలో ఉద్యోగమున చేరెను. కాని అచటి పరికరములు ఆయన తలపెట్టిన పనికి చాలకుండెను. కావున 1852లో ఆ కొలువు విడిచి, లండన్‌కు దక్షిణముననున్న రెడ్‌హిల్‌లో సొంత ధనముతో ఇంటిని, వేధశాలను కట్టించుకొనెను.

అచట రాత్రులు నక్షత్రములను, పగళ్లు సూర్యుని పరిశీలించుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ఉత్తర ధ్రువమునకు చేరువనున్న 3735 నక్షత్రముల స్థానములను నిర్ణయించి 1857లో పట్టికగా ప్రకటించెను. అందులకు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1859లో బంగారు పతకము నిచ్చి ఆయనను గౌరవించెను. సూర్యుని దూరదర్శినితో నేరుగా చూచినచో కన్నులు చెడును. అందుచే ఆయన సూర్యబింబమును పూత పూసిన గాజుపలకపై పడునట్లు చేసి, దానిలోని మచ్చలను కొలిచి చిత్రించుచుండెను. సూర్యుని మధ్యరేఖకు చేరువనున్న మచ్చలు వడిగాను, దూరముననున్నవి మెల్లగాను తిరుగుచున్నవని ఆయన కనుగొనెను. సూర్యుడు గట్టి గోళమైనచో అట్లు జరుగుటకు వీలులేదు.

1858లో తండ్రి మరణించెను. కర్మాగారపు భారము కారింగ్టన్‌పై పడెను. అయినను ఆయన తన పరిశీలనను విడువలేదు.

1859 సెప్టెంబరు 1వ తేదీ ఉదయము ఆయన ఒక పెద్ద మచ్చల గుంపును చిత్రించుచుండెను. 11 గంటల 18 నిమిషములకు ఆ మచ్చల నడుమ రెండు తెల్లని వెలుగులు తళుక్కున మెరిసెను. తెరలోని రంధ్రము గుండా ఎండ పడినదేమో యని ఆయన మొదట సందేహించెను. పలకపైని బింబమును కదలించి చూడగా వెలుగు కూడ బింబముతో పాటు కదలెను. వెంటనే ఎవరినైన సాక్షిగా పిలువవలెనని ఆయన పరుగెత్తెను. నిమిషములోపల తిరిగి వచ్చి చూడగా వెలుగు చాలవరకు సన్నగిల్లి యుండెను. ఆయనకు మిక్కిలి చింత కలిగెను. 11 గంటల 23 నిమిషములకు వెలుగు పూర్తిగా మాయమయ్యెను. మచ్చలు మాత్రము మునుపటి చిత్రములో నున్నట్లే యుండెను. కావున ఆ వెలుగు సూర్యుని ఉపరితలమునకు చాల యెత్తున పుట్టి యుండునని ఆయన తలచెను. అదృష్టవశమున హాడ్జ్‌సన్ అను మరియొకరు తన యింటి నుండి అదే వెలుగును చూచిరి.

మెరుపు కనబడిన క్షణముననే క్యూ వేధశాలలోని అయస్కాంత సూదులు కొంచెము కదలెను. సుమారు పదునేడు గంటలు గడచిన పిమ్మట మహా అయస్కాంత తుపాను భూమిని తాకెను. సాధారణముగ ధ్రువ ప్రాంతములకే పరిమితమైన రంగురంగుల ధ్రువకాంతులు క్యూబా వరకును కనబడెను. తంతి కార్యాలయములలో నిప్పురవ్వలు రాలెను. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లాండ్ నగరముల నడుమ తంతి పనివారు బ్యాటరీలను తొలగించి, ఆకాశము నుండి వచ్చిన విద్యుత్తుతోనే వార్తలు పంపుకొనిరి. మన బొంబాయిలోని కొలాబా వేధశాల పరికరములు కూడ ఆ అలజడిని గుర్తించెను.

నవంబరులో సొసైటీ సభయందు కారింగ్టన్ తన చిత్రమును చూపెను. తమ సాక్ష్యములు వేరువేరుగా నిలువవలెనని, హాడ్జ్‌సన్‌తో ముందుగా వివరములు మాటలాడకుండ ఆయన జాగ్రత్తపడెను. క్యూ వేధశాల సూదుల కదలికను సభ్యులకు చూపెను. కాని ఒక్క సంఘటనను బట్టి ఈ రెంటికిని సంబంధము కలదని తొందరపడి నిశ్చయింపరాదని కూడ హెచ్చరించెను. గొప్ప కీర్తి తెచ్చు మాట నాలుక చివర నుండగా, ఋజువు చాలనందున ఆయన దానిని పలుకలేదు.

సూర్యుని మచ్చల పూర్తి చక్రము పదునొకండు ఏండ్లు. అంతకాలము పరిశీలింపవలెనని ఆయన కోరిక. కాని వ్యాపారపు చిక్కుల వలన ఏడేండ్లు దాటిన కొలదికాలమునకే, 1861లో, ఆ పని నిలిచిపోయెను. చేసినంత పనిని 1863లో గ్రంథముగా ప్రకటించెను. తరువాత ఆరోగ్యము చెడి, 1875 నవంబరు 27వ తేదీన నలువది తొమ్మిదవ యేట మరణించెను.

ఆయన అనుమానము నిజమని తేలుటకు చాలకాలము పట్టెను. సూర్యుని చుట్టునుండు పలుచని వాతావరణమునకు కరోనా అని పేరు. దానినుండి ఒక్కొక్కప్పుడు వందల కోట్ల టన్నుల ద్రవ్యము అయస్కాంత శక్తితో పెల్లుబికి బయటికి దూకును. దీనినే కరోనల్ మాస్ ఎజెక్షన్ అందురు. 1971 డిసెంబరులో ఒక అమెరికా ఉపగ్రహము దీనిని మొదటిసారి చిత్రించెను. విస్ఫోటనపు కాంతి మనలను ఎనిమిది నిమిషములలో చేరును. ద్రవ్యమునకు సాధారణముగ రెండు మూడు దినములు పట్టును. 1859లో అది ఒక్క దినమైనను పట్టకుండ వచ్చెను. 1989 మార్చిలో ఇట్టి తుపాను వలననే కెనడాలోని క్యూబెక్ రాష్ట్రము తొమ్మిది గంటలు చీకటిలో మునిగెను.

2023 సెప్టెంబరు 2వ తేదీన మన శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 నౌక సూర్యుని పరిశోధించుటకై బయలుదేరెను. కరోనాను చిత్రించు పరికరము అందు కలదు. 1859లో మహా తుపాను చెలరేగిన దినము కూడ సెప్టెంబరు 2వ తేదీయే. చూచినదానిని దాచక, చూడనిదానిని చేర్చక వ్రాసి యుంచిన కారింగ్టన్ చిత్రమును శాస్త్రజ్ఞులు నేటికిని ఆదరముతో పరిశీలించుచున్నారు.