నిస్తంత్రీ సాధకుడు జగదీశ్ చంద్ర బోసు

తీగ లేకుండా వార్తను పంపవచ్చునన్న ఊహ పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో ఐరోపా శాస్త్రజ్ఞులను ఎంతగానో ఆకర్షించింది. వారికి విశాలమైన ప్రయోగశాలలు, నిపుణులైన పనివారు, ధనసహాయం ఉండేవి. అదే కాలంలో కల్కత్తా నగరంలో ఇవేవీ లేకుండా, ఒక రేకుపనివాని సహాయంతో ప్రసారిణిని, గ్రాహకాన్ని స్వయంగా రూపొందించినవారు జగదీశ్ చంద్ర బోసు.

బోసు 1858 నవంబరు 30వ తేదీన నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వోద్యోగి, బ్రహ్మసమాజీకుడు. ఆ హోదాలో ఉన్నవారు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలకు పంపే రోజులవి. ఆయన మాత్రం కుమారుని వంగభాషా పాఠశాలలోనే చేర్పించారు. అక్కడ ఆ బాలుని సహాధ్యాయులు ఒక జాలరి కొడుకు, తండ్రివద్ద పనిచేసే ముస్లిం సేవకుని కొడుకు. నీటిలోని జీవుల కథలు, చెట్టుచేమల ముచ్చట్లు ఆయన మొదట విన్నది వారి నోటనే. తరువాత కల్కత్తాలోని సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లఫాంట్ బోధన భౌతికశాస్త్రంపై ఆసక్తి రేకెత్తించింది. వైద్యం చదవాలని 1880లో ఇంగ్లండు వెళ్ళారు గాని అనారోగ్యం వలన ఆ చదువు మాని, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు అభ్యసించారు. లార్డ్ రేలీ అక్కడ ఆయనకు గురువు.

స్వదేశానికి తిరిగివచ్చి 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడుగా చేరిన బోసుకు తొలి పరీక్ష ప్రయోగశాలలో కాక జీతాల చిట్టాలో ఎదురైంది. ఐరోపా అధ్యాపకుని జీతంలో భారతీయునికి మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. నియామకం తాత్కాలికమైనందున బోసుకు అందులోనూ సగమే నిర్ణయించారు. అంటే పని సమానం, ప్రతిఫలం మూడోవంతు. ఆయన వాగ్వాదానికి దిగలేదు, ఉద్యోగం మానలేదు. ప్రతిదినం పాఠం చెప్పారు, జీతం మాత్రం ముట్టలేదు. ఇది ఒక నెలతోనో రెండు నెలలతోనో ముగిసిన పంతం కాదు, మూడేళ్ళపాటు సాగింది. తండ్రి అప్పులలో మునిగి ఉన్న కాలమది. 1887లో వివాహమాడిన అబలాదేవి మద్రాసు వైద్యకళాశాలలో చదివిన విదుషీమణి. ఆమె ఈ లేమిని ఓర్పుతో పంచుకొన్నారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, చేరిన దినం నుండి పూర్తి జీతం లెక్కకట్టి ఇచ్చింది. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి ఉపయోగపడింది. ఆత్మగౌరవం గూర్చి ఉపన్యసించడం సులభం. ఇంట ఇబ్బంది ఉండగా మూడేళ్ళు దానిని నిలుపుకోవడం వేరు.

1894లో, తన ముప్పదియారవ జన్మదినాన, బోసు పరిశోధనకు అంకితం కావాలని సంకల్పించారు. విద్యుత్తరంగాల ఉనికిని నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ ఆ ఏడాది జనవరిలోనే చిన్నవయసులో మరణించారు. ఆయన కృషిని వివరిస్తూ ఆలివర్ లాడ్జ్ చేసిన ప్రసంగం బోసును ప్రేరేపించింది. కళాశాలలో ఆయనకు లభించినది స్నానాల గది పక్కన ఇరవైనాలుగు చదరపు అడుగుల గది. నలుగురు నిలబడితే కదలడానికి చోటుండదు. సహాయకుడు శాస్త్రం చదవని రేకుపనివాడు.

ఆ ఇరుకుతనానికీ ఆయన ఎన్నుకొన్న మార్గానికీ పొత్తు కుదిరింది. హెర్ట్జ్ వాడిన తరంగాల దైర్ఘ్యం అరవై సెంటీమీటర్లకు పైగా ఉండేది. అంత పెద్ద తరంగాలు వంగడాన్ని పరీక్షించడానికి ఆయనకు తారు వంటి పదార్థంతో పోతపోసిన వందల కిలోల పట్టకం అవసరమైంది. బోసు తరంగదైర్ఘ్యాన్ని సుమారు ఐదు మిల్లీమీటర్లకు తగ్గించారు. తరంగం చిన్నదైతే పరికరమూ చిన్నదవుతుంది, మొత్తం సరంజామా బల్లమీద అమరుతుంది. ఆయన ప్రసారిణి ఒక రేకుపెట్టె. లోపల చిన్న విద్యుద్ఘటం, తీగచుట్ట, నిప్పురవ్వ పుట్టించే లోహపు గోళాలు ఉండేవి. తరంగాలు నలుదిక్కులకూ చెదరకుండా పెట్టెకు రెండు గోడలు అమర్చారు. వాటిని ఒకే దిశకు మళ్ళించడానికి గొట్టాలు, బాకా వంటి కొమ్ములు చేయించారు. అవతల వాటిని పట్టే గ్రాహకంలో అంతవరకు వాడుకలో ఉన్నది లోహపు రజను. తరంగం తగిలిన ప్రతిసారీ దానిని తట్టి లేపాలి. బోసు దాని స్థానంలో సన్నని ఉక్కు స్ప్రింగులను పక్కపక్కన పేర్చి, మరతో ఒత్తిడి సరిచేసే ఏర్పాటు చేశారు.

ధ్రువణ ప్రయోగాలకు ఆయన ఎన్నుకొన్న సామగ్రి మరీ ఆశ్చర్యకరం. రైల్వే కాలపట్టిక పుస్తకం పుటల నడుమ తగరపు రేకులు దూర్చితే అదే ధ్రువణకారి అయింది. జనపనార కథ ఇంకా రమ్యం. చక్కెర ద్రావణం గుండా ధ్రువణం చెందిన కాంతి సాగితే దాని కంపన తలం ఒక పక్కకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిస్తే చక్కెర పాలు తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా బోధన్‌లో 1930ల చివర నెలకొని 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం వంటి మిల్లులలో చెరకురసాన్ని పరీక్షించే పద్ధతికి ఇదే ఆధారం. విద్యుత్తరంగాలను కూడా ఇలా తిప్పవచ్చునా అన్నది బోసు ప్రశ్న. ఆ తరంగం ముందు చక్కెర అణువు మరీ అల్పమైనది. అందుచేత ఆయన అణువునే పెద్దది చేశారు! జనపనారను మెలిపెట్టి కట్టలు కట్టారు. కుడి మెలిక ఒక వైపుకు, ఎడమ మెలిక మరొక వైపుకు తరంగ తలాన్ని తిప్పాయి. రెండింటిని సమంగా కలిపితే తిరుగుడు లేదు. ఈ ఫలితం 1898లో వెలువడింది.

అంతకు ముందే, 1895లో, కల్కత్తా పురమందిరంలో లెఫ్టినెంట్ గవర్నరు సమక్షంలో బోసు చేసిన ప్రదర్శన ప్రజలను విస్మయపరచింది. తరంగాలు గవర్నరు దేహం గుండా, గోడల గుండా సాగి డెబ్బది ఐదు అడుగుల దూరాన గంట మోగించాయి, పిస్తోలు పేల్చాయి, మందుగుండును అంటించాయి. మరుసటి ఏడాది లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ప్రదానం చేసింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన తమ పరికరాలను ప్రదర్శించారు. వాటి నిర్మాణంలో ఏదీ దాచలేదు. చూచినవారెవరైనా చేసికొనవచ్చును.

ఈ ధోరణికి 1901లో గట్టి పరీక్ష వచ్చింది. పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని ఒకరు, ఉపన్యాసానికి ముందే పేటెంట్ పత్రంతో వచ్చి, రహస్యం వెల్లడించవద్దని, లాభంలో వాటా ఇస్తానని చెప్పారు. బోసు నిరాకరించి, ఆ ధనదాహం తనకు కలిగించిన రోతను మిత్రుడు రవీంద్రునికి లేఖలో తెలిపారు. సారా బుల్ అనే అమెరికా మహిళ పట్టుదలతో ఒక దరఖాస్తు మాత్రం దాఖలై, 1904లో గెలీనా స్ఫటిక గ్రాహకానికి అమెరికా పేటెంటు లభించింది. అర్ధవాహక సాధనానికి లభించిన తొలి పేటెంటు అదేనంటారు. బోసు దానివలన చిల్లిగవ్వ ఆశించలేదు, దానిని అలాగే కాలదోషం పట్టనిచ్చారు. ఇటువంటి ఔదార్యం నేటికీ అమెచ్యూర్ రేడియో సాధకులలో కానవస్తుంది. 2000ల తొలి సంవత్సరాలలో హైదరాబాదుకు చెందిన అష్‌హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే అల్పశక్తి ట్రాన్స్‌రిసీవర్‌ను రూపొందించి, దాని నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చారు. కొన్ని వాట్లతో పనిచేసే ఆ యంత్రంలో అవే ట్రాన్సిస్టర్ దశలు ప్రసారానికీ, గ్రహణానికీ ఉపయోగపడుతాయి. తీగ చుట్టడానికి కొళాయి వాషరు చాలు. లైసెన్సు పొందినవారు ఎందరో దానిని ఇంటిలో కూర్చుకొన్నారు.

బోసు ఔదార్యానికి మూల్యం లేకపోలేదు. 1899లో ఆయన రాయల్ సొసైటీ ముందు ఇనుము, పాదరసం గల గ్రాహకాన్ని వర్ణించారు. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా సంకేతం అందుకొన్నది అటువంటి పాదరస గ్రాహకంతోనే. 1909లో నోబెల్ బహుమతి మార్కోనీకి, బ్రౌన్‌కు దక్కింది. ఆ గ్రాహకానికి మూలం బోసుదేనని 1998లో ఒక ఇంజనీరింగ్ పత్రికలో విపులమైన వ్యాసం వచ్చేవరకు ఈ సంగతి పండితులలో సైతం బహుకొద్దిమందికే తెలుసు. మార్కోనీ దూరప్రసారానికై చేసిన కృషి తక్కువది కాదు. ఆయన వ్యాపారాన్ని నిర్మించారు, బోసు ఆ పని తలపెట్టనేలేదు.

అప్పటికే బోసు దృష్టి మొక్కలపైకి మళ్ళింది. వాటి సూక్ష్మమైన పెరుగుదలను పెద్దదిగా చేసి చూపే క్రెస్కోగ్రాఫ్‌ను ఆయన నిర్మించారు. 1917లో తమ జన్మదినాన కల్కత్తాలో బోసు పరిశోధన సంస్థను స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1937 నవంబరు 23న, డెబ్బది తొమ్మిదవ జన్మదినానికి ఒక వారం ముందు, గిరిడీలో కన్నుమూశారు. కల్కత్తా గదిలో చేయించిన రేకుపెట్టెలు, కొమ్ములు, జనపనార కట్టలు ఆయన సంస్థలో భద్రంగా ఉన్నాయి.