డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వేంకమ్మగారు. బాల్యమున వీరు విద్యయందు మిక్కిలి రాణించిరని చెప్ప వీలులేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్. పట్టముతోనే తృప్తిపడవలసివచ్చెను. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కూర్చిన ధనమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి సాయమును నాధారముగా గొని అమెరికాకు బయలుదేరిరి. దాతలు మనసున నుంచుకొనదగిన విషయమిది.

బోస్టను నగరమున హార్వర్డు వైద్యవిద్యాలయమందు సైరస్ ఫిస్కేగారితో గలసి, భాస్వరమును గొలుచు విధానమొకటి వీరు 1925 లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లముతో గూడిన మాలిబ్డేటును, మఱియొక ద్రవ్యమును జేర్చినచో నీలవర్ణము పుట్టును. ఆ నీలిమ యెంత గాఢమో భాస్వరమంత హెచ్చని గ్రహింపవలెను.

ఈ కొలతనే కండరములనుండి తీసిన రసమునకు వర్తింపజేయగా నొక వింత గనబడెను. సాధారణ ఫాస్ఫేటుతో త్వరలో నేర్పడు రంగు, ఇచ్చట మొదట కొలదిగానుండి, మెల్లమెల్లగా హెచ్చుచు వచ్చెను. మందులలోని దోషమని త్రోసివేయుట సులభము. వీరట్లు చేయలేదు. రంగునకు అడ్డుపడు పదార్థమేదైన నుండవలెను. లేదా భాస్వరము వేఱొకదానితో బంధింపబడి, పరీక్షలోని యామ్లముచే కొంచెము కొంచెముగా విడివడుచుండవలెను. రెండవదే నిజమని తేలెను. అట్లైన ఆ తోడుపదార్థమేది? ఆమ్లము సోకిన విచ్ఛిన్నమగు వస్తువును బట్టుకొనుట సామాన్యమా? ఎట్టకేలకు, విడివడిన భాస్వరమునకు అణువున కణువుగా క్రియాటిన్ విడివడుచున్నదని లెక్క తేలినది. లెక్కమాత్రమున తృప్తినొందక, కాల్షియము లవణరూపమున నా పదార్థమును వేఱుపఱచిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927 లో ఈ వార్త లోకమునకు దెలిసినది. ఆ యేడే ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును కండరములలో నిట్టి యస్థిరపదార్థమును గనుగొనిరి గాని, అందు క్రియాటిన్ గలదని నిర్ణయించినవారు ఫిస్కే, సుబ్బారావుగారలే.

కండరము శ్రమించునప్పుడు ఈ పదార్థము తగ్గును. విశ్రాంతిచే మరల నేర్పడును. కండర సంకోచమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమని నాటి పండితుల నమ్మకము; 1922 వ సంవత్సరపు నోబెల్ బహుమానము పొందినవారి మతమును నదియే. ఆ సిద్ధాంతము సడలుటకు ఈ నీలవర్ణపు ఆలస్యము కారణమయ్యెను. 1929 లో వీరిరువురును కండరమునుండియే అడెనోసిన్ ట్రైఫాస్ఫేటును గూడ వేఱుపఱచిరి. జర్మనీలో లోమన్ గారును ఆ యేడే దానిని గనుగొనిరి. జీవకణములలో శక్తిని మోసికొనిపోవు ద్రవ్యమదియేయని పిమ్మట దెలిసినది.

ఇంత జేసినను హార్వర్డులో స్థిరమైన యుద్యోగము లభింపలేదు. 1940 లో లెడర్లే సంస్థను జేరిరి. అచ్చట వీరి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వెలువడినది. 1948 ఆగష్టు నెలలో న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివరున, 53 సంవత్సరముల వయస్సున, నిద్రలో మరణించిరి. స్వదేశమునకు మరల రాలేదు; భార్య శేషగిరిగారిని తిరిగి చూడలేదు. భాస్వరమును గొలుచు ఆ విధానము నేటికిని ఫిస్కే-సుబ్బారావు విధానమను పేరుతోనే విద్యార్థులకు బోధింపబడుచున్నది.