మఖ్దూం మొహియుద్దీను చరిత్రము

మన మహాసభ సంచికలయందు మనవారి చరిత్రములనే ప్రకటించుట వాడుక. మఖ్దూం మొహియుద్దీను మన కులమువాడు కాడు. అయినను మన పిల్లలు కులవృత్తులు విడిచి ఫ్యాక్టరీలకు బోవుచున్నారు గనుక, ఆతని చరిత్రము మన యిండ్ల యందును జదువదగినదని తలంచితిమి.

ఆతడు 1908 ఫిబ్రవరి 4వ తేదీన నాటి మెదకు జిల్లాలోని ఆందోలున జన్మించెను. బాల్యముననే పితృవియోగము కలుగగా పినతండ్రి పోషణమున బెరిగెను. దారిద్ర్యముతో బెనగులాడుచునే ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1936లో ఎం.ఏ. పట్టమందెను. పిమ్మట హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణతీరమున హైకోర్టు చెంతనున్న సిటీ కాలేజీలో ఉపన్యాసకుడయ్యెను. స్థిరమైన కొలువు, కవియను ప్రఖ్యాతి. గృహస్థునకు ఇంతకన్న గావలసినదేమి? కొలది యేండ్లకే యాతడు దానిని వదలి కార్మికుల నడుమ జేరెను. నెలజీతముపై జీవించిన ఉపాధ్యాయులము గనుక ఆ త్యాగపు బరువు మాకు దెలియును.

1926 నాటి కార్మికసంఘముల శాసనము బ్రిటిషిండియాకే గాని నిజాము సంస్థానమునకు వర్తింపదయ్యెను. సిగరెట్టు ఫ్యాక్టరీలో పొగాకు ధూళి, షాబాదులో సిమెంటు ధూళి, విద్యుత్కేంద్రమున దీగెల భయము, గనులలో విషవాయువు. ఎచ్చట నూపిరి చెడుచున్నదో, ఏ చక్రము చేతిని లాగుకొనునో పనివానికే ముందు దెలియును. యజమానులందఱు దుష్టులని మేమనము. కచేరీ గదిలోనికి ఆ ధూళి రాదు, అంతియే. చెప్పవలసినవాడు ఒంటిగా జెప్పిన, మఱునాడు వానికి బని యుండునో యుండదో! కావున మొదట గావలసినది మందు గాదు, సంఘము. మఖ్దూము తన పాటునంతయు దానికే ధారవోసెనని మా యభిప్రాయము.

1946లో అఖిల హైదరాబాదు ట్రేడు యూనియను కాంగ్రెసు ఏర్పడగా ఆతడు దాని కధ్యక్షుడయ్యెను. కుడిభుజమువంటి సహచరుడు రాజబహదూరు గౌడు వైద్యవిద్య నభ్యసించినవాడగుట గమనింపదగినది. ఆ యేడే ప్రభుత్వాగ్రహము పాలై మఖ్దూము అజ్ఞాతవాసమునకు బోయెను. పిదప తెలంగాణ సాయుధపోరాటము, చెఱసాల. ఆ మార్గమును గూర్చి మనలో భిన్నాభిప్రాయములు గలవు. వానిని ఇచట జర్చింపము. 1952లో హుజూర్‌నగరు ఉపయెన్నికలో గెలిచి శాసనసభ కేగెను. కొంతకాలము వియన్నాలో ప్రపంచ కార్మికసంఘ సమాఖ్య కార్యాలయమున బనిచేసెను. తరువాత ఆంధ్రప్రదేశ శాసనమండలిలో ప్రతిపక్షనాయకుడుగా నుండెను. ఉర్దూ కవితాసంపుటి బిసాతె రక్సునకు 1969లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ యేడే ఆగస్టు 25న ఢిల్లీలో గతించెను. నాంపల్లి షా ఖామోషు దర్గా ఆవరణమున ఆతని సమాధి యున్నది.

1948 నాటి ఫ్యాక్టరీల శాసనము యంత్రమునకు గంచె, పనిచోటికి గాలి, వెలుతురు గల్పించు బాధ్యతను యజమానిపై మోపెను. కాని యజమానియు గార్మికుడును గలిసి కూర్చుండి అపాయములను విచారించు సభను అది విధింపలేదు. 1984 డిసెంబరులో భోపాలు నగరమున విషవాయువు వేలమందిని బలిగొనిన పిమ్మట, 1987లో దానికి 41-జీ యను విభాగము చేర్పబడినది. అపాయకరమగు పనులు జరుగు ఫ్యాక్టరీలలో ఉభయపక్షములవారును సమసంఖ్యలో గల భద్రతాసంఘము నేర్పరుపవలెనని అది విధించెను. అప్పటికి మఖ్దూము గతించి పదునెనిమిదేండ్లు.