అగాథా క్రిస్టీ

కథ యనిన చెవి కోసికొనని వారుండరు. అందును చివరి పుట వఱకు రహస్యము విడివడని కథ యనిన, పిన్నలేమి, పెద్దలేమి, నిద్రాహారములు మఱచి చదువుదురు. అట్టి కథలను అపరాధ పరిశోధక నవలలందురు. పల్లెటూరి సామాన్య జీవనమునుండియే అట్టి కథలను కల్పించి, దేశదేశముల పాఠకులను అలరించిన ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ.

ఇంగ్లండు దేశమునకు నైరృతి దిక్కున డెవన్ అను మండలము కలదు. అందు సముద్రతీరమున నున్న టార్కీ పట్టణమున 1890వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన అగాథా జన్మించెను. తండ్రి ఫ్రెడరిక్ మిల్లర్ అమెరికా దేశీయుడు. తల్లి పేరు క్లారా. ఆ దంపతుల మువ్వురు బిడ్డలలో అగాథా కడగొట్టుది. ఎనిమిదేండ్లు నిండు వఱకు ఆమెకు చదువు నేర్పరాదని తల్లి తలంచెను. కాని అగాథా యెవరును నేర్పకయే ఐదేండ్ల ప్రాయమునకు చదువ నేర్చుకొనెను. అక్కయు నన్నయు వయస్సున చాల పెద్దవారగుటచే ఆమెకు ఆటలలో తోడు లేకుండెను. ఇంటి తోటలో తిరుగుచు, కొందఱు నేస్తములను మనస్సులోనే కల్పించుకొని, వారితో కాలము గడపుచుండెను. 1901లో తండ్రి మరణించుటతో ఆ కుటుంబము ఇక్కట్ల పాలయ్యెను.

అగాథాకు బిడియము మెండు. పారిస్ నగరమున సంగీతము నభ్యసించియు, పదుగురి యెదుట పియానో వాయింపలేక ఆ యాశను విడిచెను. మాటలాడుటకు వెనుదీయు నామె, ఇతరుల మాటలు వినుటయందు మాత్రము మిగుల నేర్పరి యయ్యెను. ఆ నేర్పే తరువాతి కాలమున ఆమెకు పెన్నిధి యైనది.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము క్రిస్మసుకు ముందురోజున ఆమె ఆర్చిబాల్డ్ క్రిస్టీ అను వైమానిక దళాధికారిని వివాహమాడెను. భర్త యుద్ధభూమి కేగగా, ఆమె టార్కీలోని ఆసుపత్రిలో గాయపడిన సైనికులకు పరిచర్య చేసెను. పిమ్మట మందుల గదిలో పనికి కుదిరి, 1917లో ఆ విద్యయందు పరీక్ష నిచ్చి ఉత్తీర్ణురాలయ్యెను. ఏ మందు ఎంత మోతాదున ప్రాణము నిలుపునో, ఎంత మోతాదున ప్రాణము తీయునో ఆమె యచట నేర్చుకొనెను.

అపరాధ పరిశోధక కథ వ్రాయుట నీ తరము కాదని అక్క యొకప్పుడు ఆమెతో పందెము వేసినట్లు పలికియుండెను. మందుల గదిలో తీరిక దొరకిన వేళల నామె కా మాట జ్ఞప్తికి వచ్చెను. ఆ కాలమున బెల్జియము నుండి వచ్చిన శరణార్థులు టార్కీలో నివసించుచుండిరి. వారిని చూచి హెర్క్యూల్ పాయిరో అను బెల్జియను పరిశోధకుని కల్పించి, ఆమె తొలి నవల వ్రాసెను. ప్రకాశకులు పలువురు దానిని త్రిప్పి పంపిరి. తుదకు 1920లో అది వెలువడెను. దానివలన ఆమెకు చేరిన ధనము 25 పౌనులు మాత్రమే.

1926వ సంవత్సర మామె జీవితమున మిక్కిలి కష్టకాలము. కన్నతల్లి మరణించెను. భర్త ఆమెను విడనాడ నిశ్చయించెను. ఆ డిసెంబరు 3వ తేదీ రాత్రి ఆమె కారులో ఇల్లు వెడలి కనబడక పోయెను. పోలీసులును, ప్రజలును పొలములు, చెరువులు గాలించిరి. పదునొకండు దినముల పిమ్మట హారోగేట్ అను నూరి వసతిగృహమున మాఱుపేరుతో నున్న యామెను గుర్తించిరి. ఆ దినములను గూర్చి ఆమె తన స్వీయచరిత్రమునందును చెప్పలేదు.

దుఃఖ మెంతటిదైనను కుమార్తెను పోషింపవలసిన భార మామెపై బడెను. 1927లో ఆమె కానరీ ద్వీపముల కేగి, మనస్సు రాకున్నను, వ్రాసినది తనకే నచ్చకున్నను, ఒక నవలను పట్టుదలతో ముగించెను. అంతవఱకు వినోదమునకై వ్రాసిన యామె నాటినుండి వ్రాతను వృత్తిగా స్వీకరించెను.

1930లో ప్రకటితమైన ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ అను నవలలో ఆమె సెయింట్ మేరీ మీడ్ అను పల్లెను చిత్రించెను. అది పటమున కానరాని కల్పిత గ్రామము. ఒక చర్చి, మతగురువు నివాసము, తపాలా కార్యాలయము, నాలుగు అంగళ్ళు, పూలతోటల నడుమ చిన్న చిన్న ఇండ్లు, తేనీటి వేళ ఇరుగుపొరుగుల ముచ్చటలు - ఇదియే ఆ యూరి స్వరూపము. అట్టి ప్రశాంతమైన చోట నొక హత్య జరుగును. పోలీసువారు దిక్కు తోచక యుందురు. ఆ చిక్కుముడిని విప్పునది మిస్ మార్పుల్ అను అవివాహితయగు వృద్ధురాలు.

ఆమె చేతిలో ఊలు అల్లికయే గాని ఆయుధ ముండదు. తోటలో కలుపు తీయుచును, దుర్భిణితో పక్షులను చూచుచును ఆమె ఊరివారి రాకపోకలను కనిపెట్టుచుండును. క్రొత్తవారి నెవరినైన చూచినచో, అట్టి స్వభావము గలవారు తన యూర నెవరున్నారని యోచించును. చిన్న మోసము నెఱిగినవారికి పెద్ద నేరముయొక్క మర్మము తెలియునని యామె నమ్మకము. ఇతరులను శంకించి, తన శంకయే తుదకు నిజమని చూపు నాయనమ్మ వరుస వృద్ధురాలొకతె అగాథా యింట నుండెడిది. ఆ పోలిక కొంత మిస్ మార్పుల్‌కు వచ్చినది. ఈ నవలలలో నెత్తుటి వర్ణనములు తక్కువ. ఆధారములన్నియు పాఠకుని కన్నులముందే యుండును. అయినను అతడు వానిని గమనింపడు.

కాలముతోపాటు పల్లెలు మాఱుటయు ఆమె చూపు దాటిపోలేదు. 1950లో వెలువడిన ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’ అను నవలలో, ఫలానా వేళకు ఫలానా యింట హత్య జరుగునని ఊరి పత్రికలో ప్రకటన వచ్చును. వేడుక యనుకొని జనులు అచటికి చేరుదురు. పూర్వము ఊరికి వచ్చినవాని కులగోత్రములు అందఱకును తెలిసెడివి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఎవరు ఎచటినుండి వచ్చిరో తెలియని స్థితి యేర్పడెను. ఆ కథకు మూల మదియే.

1930లోనే ఆమె మాక్స్ మాలవన్ అను పురాతత్త్వవేత్తను పునర్వివాహము చేసికొనెను. ఇరాక్, సిరియా దేశములలో భర్త త్రవ్వకములు జరుపగా, ఆమె వెంట నుండి సాయపడెను. నిమ్రూద్‌లో బయల్పడిన దంతపు శిల్పములకు పట్టిన మట్టిని, తన ముఖమునకు రాచుకొను లేపనముతోనే మెల్లగా తొలగించెను. దాదాపు 4,000 ఏండ్లనాటి ఈజిప్టులో నొక కుటుంబమున జరిగిన హత్యలను గూర్చియు ఆమె చారిత్రక నవల వ్రాసెను. నైలునదీ తీరమందైనను, ఇంగ్లండు పల్లెయందైనను అసూయయు నాశయు నొక్కతీరుననే యుండునని ఆ నవల చూపును.

ఆమె వ్రాసిన అపరాధ పరిశోధక నవలలు 66. ‘ది మౌస్‌ట్రాప్’ అను నాటకము 1952 నవంబరులో లండనులో ప్రారంభమై, 2020లో మహమ్మారి కారణమున ఆగువఱకు ఎడతెగక ప్రదర్శింపబడెను. 1971లో ప్రభుత్వ మామెకు డేమ్ అను బిరుదు నొసగెను. 1976 జనవరి 12వ తేదీన, 85 ఏండ్ల వయస్సున, ఆమె స్వగృహమున కన్నుమూసెను. చోల్సీ అను గ్రామమున చర్చి ప్రాంగణమే ఆమె సమాధిస్థలమైనది.

మఱు సంవత్సరమే యొక విశేషము జరిగెను. లండను ఆసుపత్రిలో నొక పసిపాప వ్యాధి యేమో వైద్యులకు అంతుపట్టలేదు. అచటి నర్సు ఆ సమయమున అగాథా వ్రాసిన ‘ది పేల్ హార్స్’ చదువుచుండెను. పాప జుట్టు రాలుట చూచి, నవలలో వర్ణింపబడిన థాలియము విషలక్షణములు అవియే యని ఆమె వైద్యులకు తెలిపెను. పరీక్షింపగా నది నిజమయ్యెను. పాప బ్రదికెను.

మందుల గదిలో శ్రద్ధతో నేర్చినది, అరువదేండ్ల పిమ్మట నొక ప్రాణమును కాపాడినది. చూడదగినది మన చుట్టునే కలదు. చూచు కన్ను మాత్రము మనము సంపాదించుకొనవలయును.